మంత్రిగారు ఎంచిన స్వర్ణమయూరం

నువ్వు ఏనాడూ చేత్తో పట్టని పనిముట్టు మంచిచెడ్డలు నువ్వు తేలుస్తావేం? నోరు మూసుకుని ఈ కథ విను.

వెన్నెలగిరి రాజు అనంగభూపతికి ఒకనాడు ఓ ముచ్చట పుట్టింది. కొలువులో కోడు రాసే నలభైమంది కంప్యూటర్లలోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి! అది ఏదో తేల్చే పని మంత్రి సోమయామాత్యుడికి అప్పగించాడు.

మంత్రి స్వర్ణమయూరం అనేదాన్ని ఎంచాడు. దాని తెర వెలగగానే బంగారు నెమలి పురివిప్పి ఆడుతుంది.

కోడు రాసేవాళ్ల పెద్ద మల్లికాంబ అడ్డుపడింది. "మహాప్రభూ, మేం వాడేది నల్లతెర అనే సిస్టమ్. ఆనకట్ట గేట్లు ఎత్తి దించే ప్రోగ్రాం దాని మీదే రాశాం. స్వర్ణమయూరంలో అది నడవదు. పది రోజుల్లో వరద!"

"నల్లతెరా? దానికంటే నత్త నయం!" అన్నాడు మంత్రి. "రెండింటినీ మూడు నెలలు ఈ చేతులతోనే వాడి చూశాను. ఇష్టం లేనివాళ్లు కొలువు వదిలి పోవచ్చు."

మల్లికాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజుగారికి తాంబూలం అందించే పేరయ్య ముందుకొచ్చాడు. "అంత అనుభవం ఉంది కదా మంత్రిగారూ, రేపు సభలో ఒక్కసారి వాడి చూపించండి. కంప్యూటర్లు నేను పెట్టిస్తాను."

"ఓ, దానికేం!"

మర్నాడు ఒక తెర మీద నెమలి ఆడుతోంది. రెండోది నల్లగా ఉంది. మంత్రి నెమలి తెర మీద తన బిరుదులన్నీ టైపు చేశాడు. "ఆహా, జింకలా పరుగెడుతోంది!" రెండోదాని మీదా అవే కొట్టి ముఖం చిట్లించాడు. "ఛీ, ముసలెద్దు! అక్షరం అక్షరానికీ ఆయాసమే."

"ఇప్పుడు నువ్వు చూడమ్మాయ్," అన్నాడు పేరయ్య.

మల్లికాంబ గేట్ల ప్రోగ్రాం నడిపింది. నెమలి తెర మీద అది మధ్యలో ఆగిపోయింది. నల్లదాని మీదా సరిగ్గా అక్కడే ఆగింది. ఆమె చటుక్కున తలెత్తింది. "ఇది నల్లతెర కాదు బాబాయ్. రెండూ స్వర్ణమయూరాలే!"

పేరయ్య రాజుగారికి చేతులు జోడించాడు.

"అవును ప్రభూ. రెండోదాంట్లో నెమలి బొమ్మ తీసేసి నల్లరంగు పెట్టించాను, అంతే. మంత్రిగారి జింకా, ముసలెద్దూ ఒకే కడుపున పుట్టాయి!"

సభంతా విరగబడి నవ్వింది. రాజు నవ్వు ఆపుకోలేక నోట్లో తాంబూలం గుటుక్కున మింగేశాడు. తన జరీ శాలువా పేరయ్యకు కప్పి, ఎవరి పనికి ఏది కావాలో వాళ్లే ఎంచుకోవాలని ఆజ్ఞ వేశాడు.

అబద్ధమాడిన మంత్రికి ముద్రాధికారం పోయింది. అంతటితో తీరలేదు. నలభై కంప్యూటర్లలో దేనికి అప్‌డేట్ వచ్చినా, నూరు శాతం పూర్తయ్యేదాకా దాని ఎదుట కూర్చుని కాపలా కాయాలి. మొదటిదే తొంభైతొమ్మిది దగ్గర ఆగిపోయింది. సోమయామాత్యుడు ఆ రోజు మూడు పూటలా భోజనం అక్కడికే తెప్పించుకున్నాడు.