మునెప్ప దారి

ఎప్పుడంటే ఎప్పుడో, మీ తాతకు తాత ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో, కొండ కింద రెండూళ్లు ఉండేవి. ఒకటి ఎగువూరు, ఇంకొకటి దిగువూరు. రెండింటికీ కలిపి ఒకటే కాలువ. ఆ నీళ్ల కోసం కొట్టుకున్నారు చూడండీ, ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, మూడేళ్లు కొట్టుకున్నారు. తలలు పగిలాయి. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగిపోయాయి. కాలువ పక్కనే పైర్లు ఎండిపోయాయి.

అప్పుడు వీధినాటకాలు నేర్పే అయ్యవారు ఒకాయన ఆ దారిన వచ్చాడు. రెండూళ్ల పెద్దల్నీ కూర్చోబెట్టి, "మీరంతా కలిసి ఒక ఆట ఆడండి. సగం వేషాలు వాళ్లవి, సగం మీవి. ఒక్క వేషం కూడా తప్పకుండా ఆట ముగిస్తే ఆరోజే కాలువ పంచుకోండి. ఏ ఒక్కడు రాకపోయినా మీ కర్రలు మీకుండనే ఉన్నాయి" అన్నాడు.

పెద్దలు చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నారు. చీకట్లో ఎవడు ఎవడి మీద చెయ్యి చేసుకుంటాడోనని ఆట పట్టపగలే పెట్టుకున్నారు.

రాజు వేషం ఎగువూరి పెద్ద దొరస్వామికి పడింది. పెద్ద వేషాలన్నీ అయిపోయాక చిట్టచివర భటుడి వేషం మిగిలింది. భటుడిది ఒకటే కేక. "రాజు వస్తున్నాడు! దారి! దారి! దారి!" అని అరిచి పక్కకు తప్పుకోవాలి. ఆ వేషం దిగువూరి మునెప్పకు ఇచ్చారు.

మునెప్ప గాడిద మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు. "ఉప్పో ఉప్పు!" అని కేకేస్తే మూడు వీధులవతల వినపడేది. ఆ గొంతు చూసే అయ్యవారు అతన్ని ఎంచుకున్నాడు.

"ఒక్క కేకకి వేషమొకటా?" అని జనం నవ్వారు. మునెప్ప మాత్రం నేల మీద నిలబడలేదు. ఇంటికి పరిగెత్తి పెళ్లాంతో, "కుప్పమ్మా, నేను అరవందే రాజు తెర దాటి రాలేడంట! అంత గొప్ప వేషం నాది!" అన్నాడు. పొద్దున గాడిదకి అరిచి చూపించాడు, మధ్యాహ్నం గోడకి అరిచాడు, సాయంత్రం చెట్టుకి అరిచాడు.

ఆట ఇంకా మూడు రోజులుందనగా పెద్దలు మునెప్పని పిలిచి, "ఆట నాడు రెండూళ్లకీ ఒకే బంతి భోజనం. పట్నం పోయి ఉప్పు పట్టుకురా" అన్నారు.

మునెప్ప అయ్యవారి కాళ్లకు దండం పెట్టాడు. "మొదటి డప్పుకి వేషాలు కడతారు. రెండో డప్పుకి జనం కూర్చుంటారు. మూడో డప్పు ఆగేలోగా నేనొచ్చి నిలబడతా సామీ. ఇది నా మాట."

పట్నంలో ఉప్పు మూటలు కట్టుకుని గాడిదని అదిలిస్తుంటే ఆ గొంతు విని ఒక పెద్ద నాటక సమాజం యజమాని బయటికొచ్చాడు. "ఏమి గొంతయ్యా నీది! మా దగ్గర ఉండిపో. రేపే రాజు వేషం కట్టిస్తా. పట్టుబట్ట, జరీ అంగీ, నెత్తిన ఇదిగో ఈ కిరీటం!"

మునెప్ప గాడిదని ఆపాడు. కిరీటం వైపు చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

"నాది భటుడి వేషం సామీ. ఆడ రాజు నాకోసం తెర ఎనకాల నిలబడి ఉంటాడు" అని బయల్దేరాడు.

ఆట నాటి పొద్దున ఏటి ఒడ్డుకి వచ్చేసరికి, అమ్మో, ఏరు! ఎగువన వాన పడి ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ ఎర్రగా పొంగుతోంది. అంతలో అవతలి నుంచి మొదటి డప్పు వినపడింది.

"సాయంత్రానికి తగ్గుతుంది, కూర్చో అన్నా" అన్నాడు ఒడ్డున చేపలు పట్టే పల్లెకారు.

"సాయంత్రానికి తలకాయలు పగిలిపోతాయి తమ్ముడా!"

గాడిదనీ ఉప్పునీ అతనికి అప్పగించి, అతని దగ్గరున్న రెండు ఎండు సొరకాయ బుర్రలు తేలడానికి నడుముకి కట్టుకుని మునెప్ప ఏట్లో దూకాడు. నీళ్లు ముంచాయి, లేచాడు. మళ్లీ ముంచాయి, మళ్లీ లేచాడు. మూడోసారి ముంచినప్పుడు ఇక లేవడనే అనుకున్నాడు పల్లెకారు. అంతలో అవతలి ఒడ్డున ఒక చెయ్యి వేరు పట్టుకుని పైకొచ్చింది!

పరుగు. ఒకటే పరుగు. రెండో డప్పు మోగింది.

దిగువూరి పొలిమేరలో బావమరిది నాగప్ప, ఇంకో పదిమంది కర్రలతో అడ్డం నిలబడ్డారు.

"బావా, ఆగు. ఈడనే కూర్చో. నువ్వు రాలేదని ఆట ఆగిపోతుంది. వాళ్లు ఒక మాటంటారు, మేం ఒక దెబ్బేస్తాం. సాయంత్రానికి కాలువంతా మనదే."

మునెప్ప ఒళ్లంతా బురద, మోకాలి నుంచి నెత్తురు. రొప్పుతూ నిలబడ్డాడు.

"కాలువ సంగతి మీరు చూసుకోండిరా. మాటిచ్చింది నేను. నా మాట మీరెట్టా ఆపుతారు?"

"ఒక్క కేక కోసమా బావా?"

"ఒక్కటే ఉంది నాగా నా దగ్గర. అదీ వదులుకోమంటావా?"

నాగప్ప చేతిలో కర్ర వాలిపోయింది. మునెప్ప వాళ్ల మధ్యలోంచి దూసుకుపోయాడు.

మూడో డప్పు మోగుతోంది! మోగుతోంది, మోగుతూనే ఉంది. "మునెప్ప వచ్చేదాకా చెయ్యి ఆపొద్దు" అని అయ్యవారు చెప్పాడంట. డప్పు కొట్టేవాడి వేళ్లు చిట్లుతున్నా ఆపలేదు.

ఆట స్థలంలో చాప మీద ఒక్కడూ కూర్చుని లేడు. ఇటు దిగువూరు, అటు ఎగువూరు, కర్రలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. "మీ భటుడేడీ?" అని ఎగువూరివాళ్లు. "వస్తాడు, నోర్ముయ్!" అని దిగువూరివాళ్లు. నడుమ అయ్యవారొక్కడే చేతులు చాచి నిలబడ్డాడు. మొదటి కర్ర లేచింది.

సరిగ్గా అప్పుడు జనం వెనక నుంచి పిడుగులాగా పడింది ఆ కేక.

"రాజు వస్తున్నాడు! దారి! దారి! దారి!"

అందరూ ఉలిక్కిపడి తిరిగారు. వేషం లేదు, తలపాగా లేదు. బురద ముద్దలాంటి మనిషి, రెండు చేతులతో గాలిని చీలుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. ఆ గొంతుకి కర్రలు దిగాయి. వీళ్లు ఇటు జరిగారు, వాళ్లు అటు జరిగారు. నడిమధ్యన మనిషి పట్టేంత దారి తెరుచుకుంది. మునెప్ప ఆ దారంటా వచ్చి, తెర ముందు నిలబడి, ఒక పక్కకు తప్పుకున్నాడు.

తెర వెనక దొరస్వామి కూడా కత్తి పట్టుకునే ఉన్నాడు, కొట్లాటకి. కానీ ఆ కేక వినపడితే అడుగెయ్యాలని కదా నెలల తరబడి నేర్చుకున్నాడు! కాళ్లు వాటంతటవే కదిలాయి. గజ్జెలు ఘల్లుమన్నాయి. రాజు పాట ఎత్తుకున్నాడు. మద్దెల అందుకుంది. జనం కర్రలు కిందపడేసి వాటి మీదే కూర్చున్నారు!

ఆట ముగిసింది. కాలువ రెండుగా పంచుకున్నారు. ఆరోజు బంతిలో ఏ కూరలోనూ ఉప్పు లేదు. ఒక్కడు కూడా కిక్కురుమనలేదు. నాగప్ప ఎగువూరివాళ్లకి వడ్డించాడు.

మునెప్ప చాలా ఏళ్లు బతికాడు. ఏటా అదే వేషం, అదే కేక. ఇంతకన్నా పెద్ద వేషం ఇస్తామన్నా ఒప్పుకోలేదు. అతను పోయిన మరుసటేడు జనం ఆటకొచ్చి కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. అయినా నడిమధ్యన మనిషి పట్టేంత చోటు వదిలేసి కూర్చున్నారు.

ఇప్పటికీ అంతే. ఆ రెండూళ్లలో ఆట పెడితే వెనక నుంచి తెరదాకా ఆ దారి ఖాళీగా ఉండాల్సిందే. చంటిపిల్ల పాక్కుంటూ వెళ్లి అక్కడ కూర్చుంటే తల్లి చప్పున ఎత్తుకుని, "లేమ్మా, మునెప్ప తాత వస్తాడు" అంటుంది. మూడో డప్పు మోగుతుంది. రాజు తెర కాస్త పక్కకు తీసి, ముందు ఆ దారికి దండం పెడతాడు. ఆ తరవాతే అడుగేస్తాడు.