మౌనం రోజు డాక్టరమ్మ ప్రశ్న

సుధన్వ గుండె ఆ ఉదయం కల్లు తాగిన కోతిలా గంతులేస్తోంది. ధ్యానానికి కూర్చుంటే చెమటలు, లేస్తే కాళ్ళు నిలవవు. ఆశ్రమం వసారాలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఇక తాళలేక గురువుగారి గదిలోకి వెళ్ళాడు.

శాంతబోధ స్వామి చాతుర్మాస్య మౌనంలో ఉన్నారు. దీక్ష ముగిసేదాకా నోట మాట ఉండదు, పలక మీద రాతే. శిష్యులకూ వారానికో రోజు మౌనం, చేతిలో పలక.

"గుండె కుదురుగా లేదు స్వామీ. ఏ ప్రాణాయామం చెయ్యమంటారు?"

స్వామి నాడి పట్టుకుని చూశారు. ముఖం మారింది. 'ఏ మందులు వేసుకున్నావు?' అని రాశారు.

"మొన్న వైద్య శిబిరంలో హైమవతి డాక్టరుగారు జలుబుకి రాసిచ్చినవే స్వామీ."

'అవేనా?' అని రాసి, స్వామి అతని ముఖంలోకి చూశారు. ఆ చూపు ముందు ఎంతసేపు నిలుస్తాడు? సుధన్వ దాచిందంతా చెప్పేశాడు.

మనసు ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ అతనికి చిన్నప్పటినుంచీ ఉంది. పట్నంలో డాక్టరు రాసిన మాత్ర రోజూ పొద్దున్నే చాటుగా వేసుకుంటాడు. ధ్యానం చేసేవాడికి కుదురు కోసం మాత్రేమిటని తోటివాళ్ళు నవ్వుతారని సిగ్గు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగిన రోజు అతనికి మౌనం. పలక చేతిలోనే ఉంది. అయినా తల అడ్డంగా ఊపాడు. వ్రతమూ దక్కింది, గుట్టూ దక్కిందని మురిసిపోయాడు కూడా.

"ఆ రెండు మాత్రల్లో ఒకటి నేనే మానేస్తాను స్వామీ. ఎవరికీ చెప్పొద్దు."

స్వామి పలక పక్కన పెట్టి ఫోను అందుకున్నారు.

"డాక్టరమ్మా, శాంతబోధని." వాడక లేని గొంతు, బొంగురుగా వచ్చింది. "మా సుధన్వకి గుండె దడగా ఉంది. మీ జలుబు మాత్ర కాక, ఏడీహెచ్‌డీకి రోజూ ఇంకోటి వేసుకుంటాడట. మీకు చెప్పలేదు."

"ఆ రెండూ కలిస్తే దడ రావచ్చు స్వామీ. ఇంకే మాత్రా వెయ్యనివ్వకండి. అట్టలు రెండూ ఇచ్చి వెంటనే ఆస్పత్రికి పంపండి. రోజూ వేసుకునేదాని సంగతి అది రాసిన డాక్టరుతో మాట్లాడి చెప్తాను."

గురువుగారి గొంతు విని శిష్యులంతా గుమ్మం దగ్గర మూగారు. వాళ్ళు విన్నారన్న బెంగ సుధన్వకి లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా మూలంగా మీ వ్రతం పోయింది స్వామీ."

"వ్రతం మళ్ళీ పట్టొచ్చురా," అన్నారు స్వామి. "ముందు నువ్వు ఆటో ఎక్కు."