నూకాలు గొంతులో మిగిలిన పాట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరనడం కన్నా సముద్రం ఒడ్డున ఇసకదిబ్బ అనడం మేలు, నూకాలు అనే ఆవిడ ఉండేదమ్మా. మొగుడు లోవరాజు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఉయ్యాల్లో ఒక చంటిది.

పాటంటే ఏమిటని పొద్దున్న అడిగావు కదూ? పాటంటే ఊపిరే తల్లీ. ముక్కలుగా తెంపితే వల లాగే పాట. మెల్లగా ఊపితే జోల. తెగకుండా సాగదీస్తే శోకం.

ఈ మూడూ నూకాలు గొంతులో ఉండేవి. వలపాట అందుకుంటే మగాళ్ళ చేతులన్నీ ఒక్కసారే లాగేవి. జోల పాడితే పక్కింటి పిల్లలు కూడా పడుకునేవారు. శోకం తీస్తే, పోయినవాళ్ళంటే గిట్టనివాళ్ళు కూడా ఏడ్చేవారు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. మంచు కమ్మి ఒడ్డు కనబడకపోతే, ఒడ్డున నిలబడి వలపాట పాడాలి. అది పట్టుకుని పడవలు వచ్చేస్తాయి. శోకం వినబడితే మాత్రం రాకూడదు. శవం లేచేదాకా అలల అవతలే ఆగాలి.

ఒకసారి కులపెద్ద తల్లి పోయింది. "నువ్వు పాడకపోతే మా అమ్మ కదలదే నూకాలూ" అన్నాడు పెద్ద. చుట్టాలు ఒక్కొక్కరే దిగారు. దిగినవాళ్ళందరికీ మళ్ళీ మొదటినించీ పాడింది. చివరికి సాగనంపారు.

"ఊరందరికీ ఏడ్చేస్తున్నావు. నాకోసం కాస్త దాచవే!" అన్నాడు లోవరాజు.

"నీకెవరు ఏడుస్తారు, పండగ చేసుకుంటాను పో" అంది, బొంగురు గొంతుతో.

నవ్వుకుంటూ వేటకి వెళ్ళాడు.

మర్నాడు తెల్లారేసరికి ఒకటే మంచు. నూకాలు ఒడ్డుకి పరిగెత్తింది. మిగతా ఆడవాళ్ళూ పాడారు. కానీ అలల హోరు దాటి వెళ్ళేది ఆమె గొంతొక్కటే.

నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. గరగర వచ్చింది. అప్పుడు ఉన్నదంతా కూడగట్టుకుని తెరిచింది. గొంతు విచ్చుకుంది, సముద్రమంతా నిండింది.

"ఒసే నూకాలూ! అదేం రాగమే?" అని అరిచింది పక్కనున్న ముసలమ్మ.

అలిసిన గొంతు ఊపిరిని తెంపలేకపోయింది తల్లీ. సాగదీసింది. మాటలేమో వలపాటవే. రాగం శోకం.

పడవ దగ్గరికే వచ్చేసిందట. లోవరాజు తెడ్డు ఎత్తేశాడట. "ఎవరో పోయార్రా. ఆగుదాం" అన్నాడట. అలా ఆగి ఉండగానే గాలి తిరిగి పడవ బోల్తా కొట్టిందట.

ఈ మాట చెప్పింది అదే పడవలో వెళ్ళిన అప్పన్న. చెక్క పట్టుకుని అతనొక్కడే ఒడ్డుకి వచ్చాడు.

ఆ సాయంత్రం చంటిది ఏడ్చింది. పాలిచ్చినా మానలేదు. దానికి పాట కావాలి. నూకాలు ఉయ్యాల పట్టుకుని జోల అందుకుంది. శోకమే వచ్చింది. నోరు మూసుకుంది. చంటిది గుక్కపట్టింది. మళ్ళీ జోల అందుకుంది. మళ్ళీ అదే వచ్చింది.

అప్పుడు ఇంక ఆపలేదు.

చంటిది వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. దానికేం తెలుసు? అమ్మ గొంతు, అంతే.

కథేమో కంచికి,
పడవేమో మంచుకి,
శోకమేమో ఉయ్యాలకి,
మనమేమో ఇంటికి.

కళ్ళు మూసుకో తల్లీ. ఇవాళ పాట వద్దు. వీపు మీద చెయ్యేస్తాను.