గంగునాయుడి కోడి కాల్పు

మా వైపు ఓ ఊళ్ళో గంగునాయుడు, సింహాద్రి అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. లోకంలో ఉన్న తెలివంతా పోగేస్తే ముప్పాతిక తమ ఇంట్లోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఎందుకుండదూ! వానొస్తే కొత్త గొడుగు తడిసి పాడైపోతుందని చొక్కాలో దాచుకుని, నిలువునా తడుస్తూ ఇంటికొచ్చే జాగ్రత్త మనకెక్కడుంది?

ఈ తెలివి భరించలేక గంగునాయుడి పెళ్ళాం నూకాలు పుట్టింటికి పోయింది. ఆవిడ లేకపోతే గంగునాయుడికి అన్నం సయించలేదు. పది రోజులు ఫోన్లో బతిమాలితే మావ పైడయ్య ఓ మాటన్నాడు.

"ఆదివారం వస్తాం. ముక్కలు చెయ్యకుండా ఓ కోడిని మొత్తంగా కాల్చి పెట్టు. ఆ పాటి పని చేతనైతే పిల్లని దింపి పోతా. లేదా, వచ్చిన బండిలోనే తీసుకుపోతా."

కోడిని కాల్చడం గంగునాయుడికి తెలీదు. నూకాలే జాలిపడి, ఫోన్ అందుకుని వరసగా చెప్పింది.

"కోడిని శుభ్రంగా కడగండి. కడుపు నిండా ఉల్లిపాయలూ, ఉడకబెట్టిన గుడ్లూ కూరండి. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి, రెక్కలు వెనక్కి విరిచి, నూలుదారంతో బిగించి కట్టండి. వదులుగా కట్టారో, ఓ పక్క మాడుతుంది, ఓ పక్క పచ్చిగా ఉండిపోతుంది. ఒంటినిండా మసాలా పట్టించి నిప్పుల పక్కన తిప్పుతూ ఉండండి. ఎర్రగా అయితే అయిపోయినట్టే."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గంగునాయుడు.

ఆదివారం పొద్దున్నే సంతలో పుంజుని కొన్నారు. కడగమంది కదా, సబ్బు రుద్ది, వేన్నీళ్ళు పోసి, తువ్వాలుతో తుడిచి, పౌడరు కూడా రాశారు. పుంజు మంచమెక్కి దర్జాగా కూసింది.

"కోడి పని అయిపోయిందన్నా. ఇక కడుపు నిండా గుడ్లు కూరాలి," అన్నాడు సింహాద్రి.

"ఎవరి కడుపురా?"

"కోడి కడుపని వదిన అందా?"

గంగునాయుడు బాగా గుర్తు చేసుకున్నాడు. అనలేదు. పరీక్ష అల్లుడికి పెట్టారు కాబట్టి కడుపు కూడా అల్లుడిదే అయ్యుండాలి. అంతే! పన్నెండు గుడ్లు, ఆరు ఉల్లిపాయలు. చివరి గుడ్డు దిగనంటే సింహాద్రి బొటనవేలితో తోశాడు. తర్వాత అన్న కాళ్ళు రెండూ చేర్చి దారంతో బిగించాడు.

"మరి రెక్కలో? నీకు లేవు కదన్నా!"

"ఒరే తింగరోడా! రెక్కలు ముక్కలు చేసుకుని మనల్ని పెంచానని అమ్మ అనేది కాదా? అమ్మకి ఈకలున్నాయా? రెక్కలంటే చేతులేరా!"

ఇంకేముంది, చేతులు వెనక్కి విరిచి మూడు దారపుండలు చుట్టేశాడు. చొక్కా తీసిన ఒంటికి అల్లం, వెల్లుల్లి, పిడికెడు కారం పట్టించాడు.

"ఒరే, మండుతోందిరా!"

"నిప్పులింకా రాజెయ్యనేలేదు. అప్పుడే మండుతోందంటే మసాలా బాగా పట్టినట్టేనన్నా!"

పెరట్లో నిప్పులు రాజేసి, పక్కనే అన్నని దొర్లించడం మొదలెట్టాడు. సెగకి గంగునాయుడి ప్రాణం కడబట్టింది. అయినా సరే, నూకాలు ఇంటికి రావాలంటే ఈ మాత్రం ఓర్చుకోలేనా అనుకున్నాడు.

"ఎర్రబడ్డానా?"

"ముక్కొక్కటే ఎర్రబడింది. బోర్లా తిరుగు."

అప్పుడే బండి దిగి వచ్చారు తండ్రీకూతుళ్ళు. మంచం మీద పౌడరేసుకున్న పుంజు, నిప్పుల పక్కన మసాలా రాసుకున్న అల్లుడు! నూకాలు కత్తి తెచ్చి దారాలు తెంపింది, మొగుడి నెత్తిన రెండు బిందెల నీళ్ళు కుమ్మరించింది.

"మీరిక మారరు! నన్ను గుంజకి కట్టేసినా ఈ ఇంట్లో ఉండను. మా నాన్న ఎక్కడుంటే నేనూ అక్కడే!" అని, మిగిలిన చీరలు సర్దుకోడానికి లోపలికి పోయింది.

గంగునాయుడు బావురుమన్నాడు. ఏడుస్తూనే ఆలోచించాడు.

"ఒరే సింహాద్రీ, మీ వదిన్ని కట్టేసినా ఉండదట. మరి ఎక్కడుంటానందీ?"

"వాళ్ళ నాన్న ఎక్కడుంటే అక్కడ."

ఇద్దరూ ఒకేసారి పైడయ్య వైపు తిరిగారు. పైడయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక గుంజ ఉంది.

నూకాలు పెట్టె పట్టుకుని బయటికొచ్చేసరికి పైడయ్యకి మెడ నుంచి మోకాళ్ళ దాకా పశువుల పలుపుతాడు గుంజతో సహా చుట్టి ఉంది. గంగునాయుడు ఎంతో మర్యాదగా ఆవిడ చేతిలో పెట్టె అందుకున్నాడు.

"ఇలా ఇయ్యి, లోపల పెట్టొస్తా. మావ ఇక ఇక్కడే ఉంటాడు."