ముత్యాలు పంపిన పాట

కొండ కింద ఇటుకల బట్టీలో బూదమ్మ అనే గాడిద ఉండేది. పొద్దున లేచింది మొదలు ఇటుకల మోతే. సాయంత్రానికి నడుము పట్టేసేది. దాని కూతురు ముత్యాలు చిన్నపిల్లా కాదు, పెద్దదీ కాదు. పక్కన సెల్ టవర్ వేసినప్పటి నుంచి అక్కడి జంతువులన్నిటికీ ఫోన్లొచ్చాయి. ముత్యాలు అందులోంచి తల ఎత్తేది కాదు.

అలాంటి పిల్ల నాలుగు రోజులుగా తౌడు ముట్టలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది.

"ఏమైందే?" అంది బూదమ్మ.

"ఏం లేదు."

"అంతా ఆ ఫోన్ వల్లే! ఇంకోసారి కనబడిందంటే బట్టీలో పడేస్తా!"

ముత్యాలు గోడవైపు తిరిగి పడుకుంది. అరిచింది తనే అయినా, బూదమ్మకి ఆ పూట మేత గొంతు దిగలేదు.

మర్నాడు సాయంత్రం బరువు దించుకుని వచ్చి కూతురి పక్కన కూలబడింది.

"ఇవాళ నాకు తిట్టే ఓపిక కూడా లేదే. ఫోన్ లాక్కోను. చెప్తే వింటా. చెప్పకపోయినా ఇక్కడే ఉంటా."

 ముత్యాలు తల్లివైపు తిరిగి ఏడ్చింది.

"ఫోన్లో మయూరి అని ఒక నెమలి పరిచయమైందమ్మా. నా గొంతు బాగుందంది. పాడి పంపమంది. ఎవరికీ చూపించనని ఒట్టేసింది. పంపా."

"ఊఁ."

"అది నెమలి కాదు. కొండమీది నక్క జిత్తయ్య. పాట అందాక వాడే చెప్పాడు."

నక్క పేరు వినగానే బూదమ్మ కూతురికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. 

"రేపు మధ్యాహ్నం కూలీలు అన్నాలకి కూర్చున్నప్పుడు బట్టీ పక్కనున్న కోళ్లపాక గొళ్లెం తీయాలంట. తీయకపోతే నా పాట అందరికీ పంపిస్తాడంట. గాడిద పాటని అందరూ నవ్వుతారమ్మా! తీస్తేనేమో గురివిందత్తని తినేస్తాడు. ఎటైనా వెళ్లిపోదామనుకున్నా."

గురివింద పాకలోని పెద్ద కోడి. ముత్యాలుని పసితనం నుంచి ఆడించింది.

'నాకు ముందే ఎందుకు చెప్పలేదే' అనబోయింది బూదమ్మ. నిన్నటి తన అరుపులు గుర్తొచ్చి ఆగింది.

"తప్పు వాడిది, నీది కాదు. వాడు రాసినవేవీ చెరిపెయ్యకు. గొళ్లెం తీస్తానని రాయి. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు మధ్యాహ్నమైంది. కోళ్లన్నీ గడ్డిమోపుల వెనక దాక్కున్నాయి. ముత్యాలు గొళ్లెం తీసింది, బూదమ్మ పాక లోపల తలుపువైపు వీపు పెట్టి నిలబడింది. జిత్తయ్య పెదాలు నాక్కుంటూ వచ్చాడు.

"మంచిపిల్లవే! మాట నిలబెట్టుకున్నావు."

తల లోపల పెట్టాడో లేదో, బూదమ్మ వెనక్కాళ్లు రెండూ లేచాయి. జిత్తయ్య నాలుగు పల్టీలు కొట్టి కంచెలో పడ్డాడు. ముందుపళ్లు రాలిపోయాయి.

"చూడండి, ఇప్పుడే పంపుతున్నా!" అని ఏడుస్తూ, కుంటుతూ కొండెక్కాడు. అన్నంత పనీ చేశాడు.

సాయంత్రానికి పాట అందరి ఫోన్లలోనూ మోగింది. కాకులు నవ్వాయి. ముత్యాలు తల్లి డొక్కలో ముఖం దాచుకుంది.

గురివింద గబగబా వచ్చింది. "ఇదేనా? దీనికా నాలుగు రోజులు తిండి మానేశావు? నా కేక ఇంతకంటే ఘోరంగా ఉంటుందే పిల్లా!"

జిత్తయ్య కోపంలో ఒకటి మరిచిపోయాడు. పాట పంపింది మయూరి పేరు మీదే. ఆ పేరు చూసి కాసేపటికి ఒక కుందేలు పిల్ల, దాని వెనకే ఒక లేడికూన తలలు వంచుకుని వచ్చాయి.

"మాకూ మయూరి ఫ్రెండే, పెద్దమ్మా. మేమూ ఫోటోలు పంపాం."

బూదమ్మ నిట్టూర్చింది. తెల్లారితే మళ్లీ ఇటుకలు. అయినా కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి. ఒక్కొక్కరే చెప్పండి. ఎవరూ తిట్టరు."

మయూరి అంటే జిత్తయ్యేనన్న మాట ఇల్లిల్లూ పాకింది. ముత్యాలు చెరపకుండా ఉంచిన వాడి రాతలు చూసి అందరూ మయూరిని తమ ఫోన్లలోంచి తీసిపారేశారు. బోసినోటి జిత్తయ్య ఎవరికి రాసినా జవాబు రాలేదు.

నీతి: తిడతారన్న భయం లేనిచోటే పిల్లలు నోరు విప్పుతారు, వాళ్లు నోరు విప్పాక నక్క బెదిరింపులు సాగవు.