కొండలరావు నాలుగు హద్దులు

విశాఖపట్నంలో పద్మనాభంగారని ఒక పళ్ల డాక్టరు ఉన్నారు. సముద్రం ఆయన ఇంటికి రెండు వీధుల అవతలే ఉంది. అయినా ఆయన ఉప్పు పొట్లాలు కొనుక్కొచ్చి, మంచినీళ్లలో కలిపి, హాల్లో నాలుగడుగుల గాజుతొట్టిలో సొంత సముద్రం ఒకటి తయారు చేసుకున్నారు. చదువుకున్నవాళ్ల ముచ్చట్లు మనం అడగకూడదు. మనకు కావలసింది ఆ తొట్టిలోని జనం.

అందులో అందరికన్నా ముందు దిగినవాడు కొండలరావు అనే చేప. ఒళ్లంతా నీలం, తోక పసుపు, పొడవు రెండంగుళాలు, అహం రెండు బారలు. కుడిమూలనున్న పెద్దరాయిని పట్టుకుని, దాని మీద మొలిచిన పాచిని చేనులా సాగుచేసేవాడు. పనికిరాని పోచ కనబడితే నోటితో పీకి అవతల ఉమ్మేసేవాడు. కష్టజీవి, ఆ మాట కాదనలేం. చిక్కల్లా ఏమిటంటే, డాక్టరుగారు మేత వేసే మూత సరిగ్గా ఆ చేను పైనే ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి రొయ్యపొడి అక్కడే పడేది. ఎవరైనా అటు మూతి పెడితే కొండలరావు రెక్క కొరికి పంపేవాడు. అతను తిని వదిలేశాక కొట్టుకొచ్చిన నలుసులే మిగతావాళ్లకు భోజనం.

మిగతావాళ్లంటే ఎంతమందో కాదు. ఒకామె పైడమ్మ. పసుపురంగు చేప, పళ్లెమంత వెడల్పు, కొండలరావుకు మూడింతలు ఉంటుంది. తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంది. కానీ పుట్టింటివాళ్లు పెట్టిన వెండిగ్లాసులా దాన్ని ఏనాడూ వాడిన పాపాన పోలేదు. పాచి అంటే ప్రాణం, గొడవంటే దడ. రెండోవాడు సన్యాసి అనే పీత. ఎవరో వదిలేసిన గుల్లలో కాపురం. ఇల్లు వీపున వేసుకునే తిరుగుతాడు గనక, ఎవరింటికి భోజనానికి వెళ్లినా లేచే తొందర ఉండదు.

ఇలాంటి ఊళ్లోకి గవరయ్య వచ్చి పడ్డాడు. వేలెడంత ఇసుక చేప. కళ్లు నెత్తిమీద ఉండటం వల్ల ఎప్పుడూ ఎవరో పిలిచినట్టు పైకి చూస్తుంటాడు. డాక్టరుగారు సంచిలోంచి వదిలీ వదలగానే కొండలరావు ఎదురొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"గవరయ్యనండి. కొత్తగా వచ్చాను."

"ఎక్కడ నిలబడ్డావో తెలుసా?"

"ఇసకలో అండి."

"ఎవరి ఇసకలో?"

గవరయ్య జవాబు వెతుక్కునేలోగా తోకలో ఒక ముక్క పోయింది.

అలా పారిపోయి ఎడమమూల నీళ్లు తిప్పే పంపు వెనక దూరినవాడు మూడు రోజులు బయటికి రాలేదు. నాలుగో రోజు పైడమ్మ, సన్యాసి పరామర్శకు వచ్చారు. పరామర్శకు వచ్చేవాళ్లు చేతిలో ఏమైనా తెస్తారు. వీళ్లు కబుర్లు తెచ్చారు.

"ఏమైనా తిన్నావా నాయనా?" అంది పైడమ్మ.

"లేదత్తా. కడుపు వీపుకంటుకుంది."

"నీకు ముందొకడు ఇదే పంపు వెనక దాక్కున్నాడు" అన్నాడు సన్యాసి. "ఐదో రోజు డాక్టరుగారు వలతో తీసి, కాగితంలో చుట్టి బయట పడేశారు. మంచివాడు, పాపం."

"మీరెవరూ అడ్డుపడలేదా సన్యాసన్నా?"

"ఎందుకు పడలేదూ? మీ అత్త ఒక రోజంతా 'అయ్యో' అంది."

గవరయ్య లెక్క చూసుకున్నాడు. రేపు ఐదో రోజు.

"అత్తా, తోకలో అంత కత్తి పెట్టుకుని నువ్వెందుకమ్మా ఊరుకుంటావు?"

"నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి నాయనా."

"పోనీ, ఆయన హద్దు ఎందాకా?"

"పెద్దరాయి నుంచి నల్లరాయి దాకా. సగం తొట్టి."

"మిగతా సగం?"

"ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ మేత పడదుగా."

గవరయ్య కాసేపు పైకి చూశాడు. ఆలోచిస్తున్నాడో, ఊరికే చూస్తున్నాడో ఆ కళ్లతో చెప్పడం కష్టం. "ఆయన దగ్గర తీసుకోవడం మన వల్ల కాదు" అన్నాడు చివరికి. "ఇవ్వడం చేతనవుతుందేమో చూస్తాను."

ఆ సాయంత్రమే నల్లరాయి ఇవతల వచ్చి నిలబడ్డాడు.

"ఆగక్కడే!" అన్నాడు కొండలరావు.

"హద్దు దాటలేదండి. తమకు దండం పెట్టుకుందామని." చేతులు లేవు గనక రెక్కలు ముడిచాడు. "ఈ తొట్టిలో అందరికన్నా ముందు కాలు పెట్టింది తమరేనటగా?"

"అయితే?"

"అంతటివారు సగానికే సరిపెట్టుకోవడమేమిటండీ? నాకు నిద్ర పట్టడంలేదు."

కొరకడానికి తెరిచిన నోరు కొండలరావు తెరిచినట్టే ఉంచాడు. ఉప్పునీళ్లలో మునగచెట్టు మొలవదు. ఎక్కించేవాడుంటే చెట్టుతో పనేముంది?

"పంపు మూల కూడా నాదే" అన్నాడు. "చెప్పుకోలేదంతే."

"నేనూ అదే అన్నానండి. కానీ మా దుకాణం తొట్టిలో ఒక పెద్ద ఆసామి ఉండేవారు. రోజూ నాలుగు హద్దులూ తిరిగేవారు. తిరగని నేల అనుభవంలో లేనట్టే, ఎవడు దిగితే వాడిదైపోతుంది అనేవారు."

"ఆ మాత్రం నాకు తెలియదనుకున్నావా?"

తెలియదు.

"తమరికి తెలియనిదేముందండీ. ఏ వేళప్పుడు తిరగాలో కూడా తెలిసే ఉంటుంది."

"నీకు తెలుసో లేదో చూస్తాను. చెప్పు."

"ఆసామి భోజనానికి కూర్చున్నప్పుడే కదండీ అవతలివాడు గట్టు జరిపేది. అందుకని ఆయన మేత పడే వేళకి హద్దుమీదే ఉండేవారు."

"మరి తిండి?"

"ఆయన నేలలో పడ్డ తిండి ఎక్కడికి పోతుందండీ? తరవాత తీరిగ్గా తినేవారు."

ఇందులో తప్పేమిటో కొండలరావుకు కనబడలేదు. ఆశకు కళ్లుంటాయి గానీ దగ్గరివి ఆనవు.

మర్నాడు ఎనిమిదింటికి మూత తెరుచుకుంది. రొయ్యపొడి పడింది. ఆ చప్పుడు వినగానే కొండలరావు పెద్దరాయి వదిలి ఎడమమూలకు దౌడు తీశాడు. అక్కడ సన్యాసి పంపు కింద ఇసక గోకుతున్నాడు.

"ఏమిట్రా ఆ తవ్వకం?"

"కాలు దురదగా ఉంటేనూ."

"నా నేలలో నీకు దురదేమిట్రా?"

సన్యాసి గుల్లలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కొండలరావు తలుపు కొరికాడు, గోడ కొరికాడు, కప్పు కొరికాడు. ఈలోగా కుడిమూలలో గవరయ్య నాలుగు రోజుల ఆకలి తీర్చుకున్నాడు. కొండలరావు తిరిగొచ్చేసరికి మిగిలిన పొడిని పంపు లాగేసింది. పోనీలే ఒక్కపూట అనుకున్నాడు. భూమి దక్కిందిగా.

రెండోరోజు గవరయ్యే వచ్చి చెప్పాడు. "వెనక గాజు మీద ఒక నత్త ఎక్కుతోందండి. నాకెందుకు గానీ, తమ నేల కదా అని." కొండలరావు అటు పరిగెత్తాడు. మూడోరోజు థర్మామీటరు దగ్గర బుడగలు కనిపించాయి. బుడగలకు ఇక్కడేం పని, నా నేలలో ఎవరి అనుమతితో పుట్టాయి అని వాటిని తరిమాడు. ఒక బుడగ పోతే ఇంకొకటి వచ్చేది. అవి ఒక ముఠా అని అతనికి అనుమానం. ఇక ఆ రోజు నుంచి ఇంటి మొహమే చూడలేదు.

యజమాని ఊళ్లో లేని చేను సంగతి తెలిసిందే. మొదటిరోజు పైడమ్మ దూరం నుంచి వాసన చూసింది. రెండోరోజు అంచున ఒక పోచ తెంపి, గుండె పట్టుకుని పారిపోయింది. మూడోరోజు నుంచి పారిపోవడం మానేసింది.

ఎనిమిదో రోజున కొండలరావు హద్దులన్నీ ముగించుకుని ఇంటికి వచ్చాడు. డొక్కలు లోపలికి పోయాయి. రెక్కలు చీలికలయ్యాయి. చూస్తే పెద్దరాయి గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉంది.

"నా చేను! ఎవరు మేశారు?"

పైడమ్మ మూతికి పచ్చదనం ఇంకా అంటుకునే ఉంది. కడుపు నిండితే ధైర్యం కూడా వస్తుంది కాబోలు, నిదానంగా చెప్పింది. "నేనే బాబూ. నిన్ను అడిగే మేద్దామనుకున్నాను. నువ్వు పడమటి హద్దులో పనిమీద ఉన్నావన్నారు."

"నీ రెక్కలు పీకుతాను!"

"పీకు నాయనా. ముందు కాస్త కూచుని ఊపిరి తీసుకో."

కొండలరావు మీదకు దూకాడు. పంపు నుంచి వచ్చే నీటి ఊపు అతన్ని పక్కకు తోసుకుపోయింది. పైడమ్మ కత్తి తియ్యలేదు, ఒళ్లు కొంచెం పక్కకు వంచిందంతే.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారు కాఫీ గ్లాసుతో వచ్చి తొట్టిలోకి తొంగి చూశారు. "నీలం చేపకు ఏదో జబ్బు చేసిందే" అని భార్యతో అన్నారు. వల తెచ్చారు. అంతకుముందు ఆయన ఈ చేపను పట్టబోయి మూడుసార్లు మోచేతి దాకా తడిసి ఊరుకున్న మనిషి. ఈసారి ఆ కష్టం లేకపోయింది. వల ఎవరి హద్దులో దిగిందో చూద్దామని కొండలరావే దగ్గరకొచ్చాడు.

"గవరయ్యా, ఆయన్ని కాగితంలో చుడతారా?" అంది పైడమ్మ. ఆమెకు అప్పుడే జాలి మొదలైంది.

"చుట్టరత్తా. బాగుచేస్తారు" అన్నాడు గవరయ్య. అతని నోట్లో రొయ్యపొడి ఉంది.

నిజంగానే బాగుచేశారు. వంటింటి గట్టుమీద ఉప్పునీళ్ల బకెట్టు పెట్టి, మందు కలిపి, కొండలరావును అందులో వదిలారు. పైన గిన్నె మూత పెట్టారు. బకెట్టు మొత్తం అతనొక్కడిదే. పోటీ లేదు, తగువు లేదు. ఎనిమిదింటికి మేత సరాసరి నెత్తిమీదే పడుతుంది. కానీ మేత పడగానే అతను తిండి వదిలేసి హద్దు చూసుకోవడానికి బయలుదేరతాడు. బకెట్టు గుండ్రం గనక హద్దు ఎంతకీ పూర్తికాదు. పొడి అడుక్కి దిగిపోతుంది. డాక్టరుగారి భార్య పోపు వేస్తూ, ఈ చేపకు ఆకలి తక్కువ అనుకుంటుంది.

నీతి: కాపలా కాయగలిగినంతే సొంతం, ఆపైనున్నదంతా పరుగే.