తెరిచి ఉంచిన తలుపు

మధ్యాహ్నం మూడు గంటలు. పొద్దుటి నుంచి వదలని వాన.

సికింద్రాబాద్‌లో గడియారాలు బాగుచేసే ఇమ్మానుయేలు మాస్టారికి ఒక పద్ధతి ఉంది. విప్పిన ప్రతి భాగాన్నీ గుంటల పళ్లెంలో వరసగా పెట్టి, పైకి లెక్కపెడతారు. ఏదైనా చేజారితే ఫ్యాను ఆపి తలుపు మూస్తారు. దొరికేదాకా లోపలి మనిషి గడప దాటకూడదు. పోయిన వస్తువు మనిషిని పట్టుకునే బయటికి పోతుందంటారు.

నా కూతురు వకుళ నాలుగేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. ఆ వారం వాళ్ల బల్ల మీద ఒక స్విస్ చేతి గడియారం ఉంది. రోజూ కీ ఇవ్వాలి. అలాంటివి లోకంలో పదకొండే ఉన్నాయట. ముంబైలో వేలం, పాత గడియారాలు సేకరించేవాళ్లు దీని కోసమే వస్తున్నారు. శుభ్రం చేసి, ఆ సాయంత్రం ఆరింటికి వేలంవాళ్ల మనిషికి అప్పగించాలి.

"మాస్టారూ, ఇందులో అన్నిటికన్నా విలువైన భాగం ఏది?" అని వకుళ పొద్దున అడిగిందట. ఆయన పళ్లెం ముందుకు జరిపి, లెక్కపెట్టమన్నారట.

వానకి ఆలస్యమై, నేను క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి వకుళ స్టూలు ఖాళీ. పళ్లెంలో ఒక గుంట ఖాళీ. పిల్ల ఫోను బల్ల మీదే ఉంది. మాస్టారు వెనక గదిలోంచి వచ్చి అదే చూస్తున్నారు. ఆవగింజలో సగం ఉండే నీలి స్క్రూ ఎగిరిపోయిందన్నారు. చెప్పే ధైర్యం లేక, అలాంటిది ఏ కొట్లోనైనా దొరుకుతుందేమోనని పరుగెత్తినట్టుంది.

"మార్కెట్ దిక్కు ఉరికిందమ్మా" అన్నాడు పక్కన కళ్లద్దాల కొట్టు యాదగిరి. "ఆడ నాలా పొంగింది. మ్యాన్‌హోల్ మూతలు తీసిపెట్టిన్రు."

మా ఆయనకి ఫోన్ చేస్తే స్కూటరు మీద అటే వెళ్లారు. యాదగిరి గొడుగు తీసుకుని వెనక సందులోకి వెళ్లాడు.

మాస్టారు నేల మీదికి వంగనే లేదు. తలుపు బార్లా తెరిచి, కొట్టుకోకుండా రాయి అడ్డం పెట్టారు. పట్టపగలు గుమ్మం లైటు వేశారు. జల్లు లోపలికి కొడుతున్నా మూయలేదు. తరవాత వేలంవాళ్లకి ఆయనే ఫోన్ చేశారు.

"సాయంత్రానికి చెప్పలేను. ఒకటి తక్కువైంది."

అవతలి గొంతు నాకూ వినిపించింది. రాత్రి విమానం తప్పితే గడియారాన్ని వేలంలోంచి తీసేస్తారట. మాస్టారికి మళ్లీ పని పంపరట. "ఇంతకీ పోయిన భాగం ఏది?" అన్నాడతను.

"మా అమ్మాయి."

ఫోను పెట్టేసి, వీధి వైపు కుర్చీ తిప్పుకున్నారు.

అయిదున్నరకి వకుళ వచ్చింది. తడిసి ముద్దయింది. గడప అవతలే నిలబడి "ఎక్కడా లేదు మాస్టారూ" అంది.

కొడదామని లేచాను. పట్టుకున్నాను. "ఫోను వదిలి పోతారటే ఎవరైనా?"

"తడుస్తుందనమ్మా."

మాస్టారు నవ్వారు. దాన్ని లోపలికి పిలిచి, క్యారేజీ మూతలో టీ పోసి ఇచ్చారు. అది తాగాక బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, "చేతి మడతలు విప్పు" అన్నారు. మోచేతి దాకా మడిచిన చొక్కా చేతిని అది నెమ్మదిగా విప్పింది. మూడో మడతలో, తడిగుడ్డకి అంటుకుని నీలి చుక్క. వకుళ అప్పుడు ఏడ్చింది.

ఆరింటికి వేలంవాళ్ల మనిషి రానే వచ్చాడు. స్క్రూ దొరికిందని విని చేతి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పదిన్నరకి కదా విమానం, టైముంది. తలుపు మూసి మొదలుపెట్టండి" అన్నాడు.

వకుళ తలుపు దగ్గరికి వెళ్లింది.

"ఉండు" అన్నారు మాస్టారు. "పొద్దున ఏదో అడిగావుగా." నా వైపు తిరిగారు. "అమ్మా, ఇంకా ఎవరు రావాలి?"

బయటికి వెళ్లినవాళ్లని లెక్కపెట్టాను. వకుళ వచ్చింది. యాదగిరి మెట్టు మీద గొడుగు దులుపుతున్నాడు. సందు మొగలో, ఆగిపోయిన స్కూటరు నెట్టుకుంటూ మా ఆయన.

ముగ్గురు.